చేత్తో కొడితే నడిచే స్క్రిప్ట్ బూట్‌లో ఏంటికి నడవదు

(అనంతపురంలో డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లలకూ, ఆఫీసుల్లో సిస్టమ్‌లు చూసుకునేవాళ్లకూ ఇచ్చిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసినాము.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నోళ్లకు వినపడుతుందా? సరే, మొదలుపెడతాను.

ఈ పూట ఒకే ఒక్క సమస్య గురించి మాట్లాడతాను. స్క్రిప్ట్ రాసినాము, టెర్మినల్‌లో కొట్టి చూసినాము, బాగా నడిచింది, స్టార్టప్‌లో పెట్టినాము, రీబూట్ చేసినాము, అంతే, ఏమీ లేదు. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. మళ్ల టెర్మినల్ తెరిచి చేత్తో కొడితే మళ్ల బాగానే నడుస్తాది. లినక్స్ పట్టుకున్నోళ్లలో ఇది ఎదురుకానోళ్లు చాలా తక్కువ.

మన జిల్లాలో ఇది ఇంకా ముఖ్యం అని నేను ఏంటికి అంటున్నానంటే, ఒక చీనీ తోట తీసుకుందాం, నార్పల పక్కనో తాడిపత్రి పక్కనో. మోటార్ షెడ్‌లో రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు ఒకటి పెట్టి, ఏ గంటకు ఏ వాల్వు తెరవాలో ఒక స్క్రిప్ట్‌తో నడిపిస్తున్నారు అనుకోండి. రాత్రి కరెంటు పోతాది, తెల్లారుజామున ఎప్పుడో వస్తాది, బోర్డు దానంతట అదే బూట్ అవుతాది. అప్పుడు పక్కన మనిషి ఉండడు, కీబోర్డు ఉండదు, స్క్రీన్ ఉండదు. ఆ స్క్రిప్ట్ లేవలేదంటే నీళ్లు పోవు, మే నెల ఎండలో చెట్టుకు నీళ్లు తప్పితే పిందె రాలుతాది. స్కూల్ ల్యాబ్ అయినా, ఆసుపత్రిలో టోకెన్ నంబర్ చూపించే స్క్రీన్ అయినా అంతే. ఎవరూ చూడనప్పుడు సరిగ్గా లేచేదే పనికొచ్చే స్క్రిప్ట్ అని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు అసలు సంగతి. మీరు టెర్మినల్‌లో కొట్టినప్పుడు ఆ స్క్రిప్ట్‌ను నడిపేది మీరు, అంటే మీ యూజర్, మీ హోమ్ ఫోల్డర్, మీ బ్యాష్‌ఆర్‌సీలో, అంటే టెర్మినల్ తెరిచినప్పుడు చదివే సెట్టింగ్ ఫైల్‌లో, పెట్టుకున్న పాత్‌లు, అంటే కమాండ్లను వెతికే ఫోల్డర్లు, అప్పటికే కనెక్ట్ అయిన వైఫై, అప్పటికే సరి అయిన గడియారం, అన్నీ సిద్ధంగా ఉన్న చోట అది నడుస్తాది. బూట్‌లో ఇవేవీ ఉండవు. ఎవరు నడుపుతున్నారు, ఎక్కడ నిలబడి నడుపుతున్నారు, చేతిలో ఏముంది, ఏ టైమ్‌కు నడుపుతున్నారు, ఈ నాలుగూ మారిపోయినాయి. స్క్రిప్ట్ మారలేదు, దాని చుట్టూ ఉన్నది మారింది. అందుకే స్క్రిప్ట్‌ను ఎన్నిసార్లు తిరగేసి చదివినా తప్పు దొరకదు.

రవ్వంత చరిత్ర చెప్తాను, ఎక్కువ కాదు. కెర్నల్, అంటే లినక్స్ అసలు గుండెకాయ, లేచినాక మొట్టమొదట మొదలుపెట్టే ప్రాసెస్‌కు నంబర్ 1 ఉంటాది, మిగతా అన్నిటినీ అదే లేపుతాది. పాతకాలంలో అది సిస్‌వీ ఇనిట్. దాని చోట 2006లో ఉబుంటు 6.10లో అప్‌స్టార్ట్ వచ్చింది. 2010లో లెనార్ట్ పోట్టరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డీ మొదలుపెట్టినారు, 2011లో ఫెడోరా 15 దాన్ని తీసుకునింది, 2014లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7, 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 తీసుకున్నాయి. ఈ సంవత్సరాలు ఏంటికి చెప్తున్నానంటే, మీరు వెతికినప్పుడు దొరికే సలహా ఏ కాలందో చూసుకోవాలి. 2009లో రాసిన సలహా అప్పటికి కరెక్టే, ఈరోజు మీ సిస్టమ్‌లో ఆ ఫైలే ఉండకపోవచ్చు.

ఆర్‌సీ లోకల్ అట్లాంటిదే. /ఈటీసీ/ఆర్‌సీ.లోకల్ అనే ఫైల్‌లో లైన్ రాసిపెడితే బూట్‌లో నడుస్తాది అని అందరూ చెప్తారు. ఈ కాలం ఉబుంటులో ఆ ఫైల్ దానంతట అది రాదు, మనమే చేసుకోవాలి. చేసినా, దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉంటేనే సిస్టమ్‌డీ దాన్ని పట్టించుకుంటాది, లేదంటే గమ్మున వదిలేస్తాది. ఇంకోటి, పాత సిస్టమ్‌లలో ఈ ఫైల్ చివర ఎగ్జిట్ జీరో అని ఒక లైన్ ముందే ఉంటాది. పిల్లలు చాలామంది తమ కమాండ్‌ను తీసుకుపోయి ఫైల్ చివర, ఆ ఎగ్జిట్ జీరో కింద పెడతారు. అది ఎప్పటికీ నడవదు, ఎందుకంటే పై లైన్‌లోనే స్క్రిప్ట్ అయిపోయింది. ఇంకా, మొదటి లైన్‌లో #!/బిన్/ఎస్‌హెచ్ పక్కన మైనస్ ఈ అని ఉంటాది చూడండి, దాని అర్థం ఏ ఒక్క కమాండ్ ఫెయిల్ అయినా అక్కడికక్కడే ఆగిపొమ్మని. మీ కమాండ్ మంచిదే, దానికి పైన ఎవరో ఎప్పుడో పెట్టిన కమాండ్ ఫెయిల్ అయింది, మీదాకా రాలేదు.

సరే, ఎట్ల కనుక్కోవాలి? చాలామంది ఇక్కడే దారి తప్పుతారు, ఊరికే ఒక్కోటి మార్చి ఒక్కోసారి రీబూట్ కొడతా కూర్చుంటారు. నేను చెప్పేది ఒకటే, ముందు ఒక ప్రశ్న తేల్చుకోండి. స్క్రిప్ట్ అసలు మొదలే కాలేదా, లేక మొదలై మధ్యలో పడిపోయిందా? ఈ రెండిటికీ కారణాలు వేరే, మందు వేరే. ఇది తేల్చకుండా ఏదీ ముట్టుకోవద్దు.

తేల్చేది సులభం. స్క్రిప్ట్‌లో షెబ్యాంగ్ కిందనే, అంటే ఆ #! లైన్ కిందనే, ఎగ్జెక్ అని రాసి అవుట్‌పుట్‌నూ ఎర్రర్‌నూ రెండిటినీ /వార్/లాగ్‌లో ఒక ఫైల్‌కు మళ్లించండి. స్క్రిప్ట్ రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, కాకుండా మామూలు యూజర్‌గా నడిచేటట్టయితే ఆ యూజర్ రాయగలిగే చోటు పెట్టుకోండి. దాని కింద డేట్, ఐడీ, పీడబ్ల్యూడీ, ఈఎన్‌వీ, ఈ నాలుగు కమాండ్లు పెట్టండి. ఇందాక నేను చెప్పిన నాలుగు సంగతులు ఇవే, ఏ టైమ్, ఎవరు, ఎక్కడ, చేతిలో ఏముంది. ఆ కింద సెట్ మైనస్ ఎక్స్ పెడితే నడిచిన ప్రతి కమాండూ లాగ్‌లోకి వస్తాది. ఇప్పుడు రీబూట్ చేయండి. లాగ్ ఫైల్ పుట్టిందా, స్క్రిప్ట్ మొదలైంది, చివరి లైన్ ఎక్కడుందో అక్కడే రోగం. ఫైల్ పుట్టనే లేదా, స్క్రిప్ట్ లోపల వెతకడం ఆపేసి బయట వెతకండి. సిస్టమ్‌డీ సర్వీస్‌గా, అంటే ఏది ఎట్ల నడపాలో యూనిట్ ఫైల్ అనే చిన్న ఫైల్‌లో రాసి, పెట్టింటే ఇంకా తేలిక, సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అని కొట్టి సర్వీస్ పేరు ఇవ్వండి, తర్వాత జర్నల్‌సీటీఎల్ మైనస్ బి మైనస్ యు కొట్టి అదే పేరు ఇవ్వండి, ఈ బూట్‌లో ఆ సర్వీస్ మాట్లాడింది మొత్తం చూపిస్తాది. పేరు గుర్తు లేకపోతే సిస్టమ్‌సీటీఎల్‌కు మైనస్ మైనస్ ఫెయిల్డ్ ఇస్తే పడిపోయినవన్నీ వరసగా వస్తాయి.

మొదలే కాని కేసు ముందు చూద్దాం. స్టేటస్‌లో 203, పక్కన ఎగ్జెక్ అని కనిపిస్తే, సిస్టమ్‌డీ మీ ఫైల్‌ను నడపాలని చూసింది, నడపలేకపోయింది అని. ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇయ్యలేదేమో చూడండి, సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్ చాలు, దయచేసి 777 ఇయ్యొద్దు, రూట్‌గా నడిచే ఫైల్‌ను ఎవరైనా మార్చేటట్టు పెడితే ఇంటి తాళం వీధిలో పెట్టినట్టే. షెబ్యాంగ్ లైన్ లేకపోయినా ఇదే వస్తాది, ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అంటాది, టెర్మినల్‌లో మాత్రం బ్యాష్ దాన్ని తనే చదివి నడిపేస్తాది కాబట్టి అక్కడ మీకు తెలీదు.

ఇందులో అందరినీ ఏడిపించేది ఇంకోటుంది. ఫైల్ కళ్ల ముందర ఉంటాది, ఎల్‌ఎస్ కొడితే కనిపిస్తాది, అయినా నో సచ్ ఫైల్ అంటాది. ఏమిటంటే, ఆ స్క్రిప్ట్‌ను విండోస్‌లో నోట్‌ప్యాడ్‌లో రాసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చినారు. విండోస్‌లో ప్రతి లైన్ చివర క్యారేజ్ రిటర్న్ అనే కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటాది. లినక్స్ మొదటి లైన్ చదివి, బ్యాష్ పక్కన ఆ అక్షరం కూడా కలిపి, అట్లాంటి పేరున్న ప్రోగ్రామ్ కోసం వెతుకుతాది, యాడుంటాది అది? లేనిది మీ ఫైల్ కాదు, ఆ ప్రోగ్రామ్. ఫైల్ అనే కమాండ్ కొట్టి స్క్రిప్ట్ పేరు ఇస్తే సీఆర్‌ఎల్‌ఎఫ్ అని చెప్పేస్తాది, డాస్ టు యునిక్స్ అనే టూల్‌తో శుభ్రం చేసుకోవచ్చు. మన ల్యాబ్‌లలో విండోస్ సిస్టమ్‌లే ఎక్కువ కాబట్టి ఇది మనకు ఎక్కువ వస్తాది.

200 అని వస్తే వర్కింగ్ డైరెక్టరీ దొరకలేదని, 217 వస్తే యూనిట్ ఫైల్‌లో రాసిన యూజర్ ఆ సిస్టమ్‌లో లేడని. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వైపు వాడేవాళ్లకు ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ ఒకటుంది, హోమ్ ఫోల్డర్‌లో ఉన్న స్క్రిప్ట్‌ను బూట్‌లో నడపనీదు, పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా పర్మిషన్ డినైడ్ అంటాది. స్క్రిప్ట్‌ను /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లోకి కాపీ చేసి రీస్టోర్‌కాన్ కొడితే సరిపోతాది. ఎస్‌ఈలినక్స్‌నే ఆపేయండి అనే సలహా వినొద్దు.

ఇంకా చిన్నవి. సర్వీస్‌ను స్టార్ట్ చేసినారు గానీ ఎనేబుల్ చేయలేదు. స్టార్ట్ ఇప్పటికి, ఎనేబుల్ వచ్చే బూట్‌కు. ఎనేబుల్ పనిచేయాలంటే యూనిట్ ఫైల్ కింద ఇన్‌స్టాల్ అనే భాగం ఉండాలి, అందులో వాంటెడ్‌బై దగ్గర మల్టీ-యూజర్ డాట్ టార్గెట్ అని ఉండాలి. యూనిట్ ఫైల్ మార్చినాక డీమన్-రీలోడ్ కొట్టకపోతే సిస్టమ్‌డీ పాతదాన్నే పట్టుకొని ఉంటాది. ఎగ్జెక్‌స్టార్ట్ లైన్‌లో పైప్ గుర్తు, దారి మళ్లించే గుర్తు, టిల్డే, ఇవేవీ పనిచేయవు, ఎందుకంటే అక్కడ షెల్ లేదు. అవి కావాలంటే అన్నీ స్క్రిప్ట్ లోపల పెట్టుకోండి, ఎగ్జెక్‌స్టార్ట్‌లో స్క్రిప్ట్ పూర్తి పాత్ ఒక్కటే రాయండి.

ఇప్పుడు రెండో కేసు, మొదలైంది, పడిపోయింది. లాగ్‌లో 127 వస్తే కమాండ్ దొరకలేదని. మీ టెర్మినల్‌లో పాత్ పొడుగ్గా ఉంటాది, క్రాన్‌లో, అంటే టైమ్ ప్రకారం పనులు నడిపే సర్వీస్‌లో, అయితే మామూలుగా /యూఎస్‌ఆర్/బిన్, /బిన్, ఈ రెండే. మీరు /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లో వేసుకున్న ప్రోగ్రామ్ దానికి తెలీదు. ప్రతి కమాండ్‌కూ పూర్తి పాత్ ఇయ్యండి, లేదా స్క్రిప్ట్ మొదట్లో పాత్‌ను మీరే రాయండి. బ్యాష్‌ఆర్‌సీ బూట్‌లో ఎవరూ చదవరు. సిస్టమ్‌డీ సర్వీస్ మామూలుగా రూట్ ఫోల్డర్, అంటే స్లాష్ దగ్గర నిలబడి నడుస్తాది కాబట్టి, కాన్ఫిగ్ అని ఫైల్ పేరు ఒక్కటే రాస్తే దొరకదు, పూర్తి పాత్ రాయాల.

డెబియన్, ఉబుంటులలో /బిన్/ఎస్‌హెచ్ అంటే బ్యాష్ కాదు, డ్యాష్ అనే ఇంకో చిన్న షెల్. రెండు బ్రాకెట్ల ఇఫ్‌లు, సోర్స్ అనే కమాండ్, బ్యాష్ అర్రేలు దాంట్లో నడవవు. అవి వాడినప్పుడు షెబ్యాంగ్‌లో #!/బిన్/బ్యాష్ అనే రాయాలి.

పైథాన్ పిల్లలకు ఒక మాట. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో లైబ్రరీలు వేసుకొని, సర్వీస్‌లో ఊరికే పైథాన్3 అని ఇస్తే మాడ్యూల్ లేదంటాది. ఆ ఎన్విరాన్‌మెంట్ లోపల బిన్‌లో ఉన్న పైథాన్‌కే పూర్తి పాత్ ఇస్తే చాలు, యాక్టివేట్ చేయాల్సిన పని లేదు. ప్రింట్ చేసినవి జర్నల్‌లో కనపడటం లేదు, ప్రోగ్రామ్ నడవటం లేదు అనుకుంటారు, నడుస్తానే ఉంటాది, అవుట్‌పుట్ బఫర్‌లో ఆగి ఉంటాది. మైనస్ యు ఇచ్చి నడపండి, ఎప్పటికప్పుడు వస్తాది.

ఇంక నెట్‌వర్క్. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను. స్క్రిప్ట్ సర్వర్‌కు డేటా పంపాలి, బూట్‌లో నెట్ ఇంకా రాలేదు, ఫెయిల్ అయింది. అందరూ చేసేది ఏమంటే స్లీప్ 30 పెడతారు. నడుస్తాది కూడా, ఆ రోజుకు నడుస్తాది. ఒకరోజు రూటర్ కూడా కరెంటు పోయి అప్పుడే లేస్తా ఉంటాది, దానికి ఎంతసేపు పడుతుందో మనకేం తెలుసు, ఆ రోజు 30 చాలదు, అప్పుడు 60 పెడతారు, 120 పెడతారు. స్లీప్ అనేది మందు కాదు. యూనిట్ ఫైల్‌లో ఆఫ్టర్ దగ్గర నెట్‌వర్క్ డాట్ టార్గెట్ అని పెడతారు కొందరు, అది కూడా చాలదు, నెట్‌వర్క్ చూసుకునే సాఫ్ట్‌వేర్ మొదలైందని మాత్రమే దానర్థం, ఐపీ అడ్రస్ వచ్చిందని కాదు. నెట్‌వర్క్-ఆన్‌లైన్ డాట్ టార్గెట్ పెట్టాలి, ఆఫ్టర్‌లో ఒకసారి, వాంట్స్‌లో ఒకసారి, రెండిట్లోనూ. ఆఫ్టర్ అంటే వరస చెప్పడం మాత్రమే, దాన్ని లేపమని చెప్పేది వాంట్స్.

అంత చేసినా సర్వర్ అందుతాదని గ్యారెంటీ లేదు, లోకల్‌గా అడ్రస్ వచ్చిందంటే బయట ఇంటర్నెట్ ఉందని కాదు కదా. కాబట్టి ఫెయిల్ అయితే మళ్ల ప్రయత్నించేటట్టు రాయండి. రీస్టార్ట్ దగ్గర ఆన్-ఫెయిల్యూర్, రీస్టార్ట్‌సెక్ దగ్గర 10. ఈ 10 ఏంటికంటే, ఏమీ ఇయ్యకపోతే 100 మిల్లీసెకన్లకే మళ్ల లేపుతాది, 10 సెకన్లలో 5 సార్లు పడిపోతే సిస్టమ్‌డీ ఇంక చాలు అని వదిలేస్తాది, స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ అని రాసి పెడతాది.

ఇంకా పెద్ద మాట, తోట విషయానికి వస్తే వాల్వు తిప్పే స్క్రిప్ట్‌ను నెట్‌వర్క్ మీద ఆధారపడనీయొద్దు. డేటా పంపేది వేరే సర్వీస్, వాల్వు తిప్పేది వేరే సర్వీస్. నెట్ లేకపోయినా చెట్టుకు నీళ్లు పోవాల.

దీనికి అంటుకొని ఉండేది గడియారం. రాస్ప్‌బెర్రీ పై 5కు ముందు వచ్చిన మోడల్స్‌లో కరెంటు లేనప్పుడు టైమ్ గుర్తుపెట్టుకునే గడియారం లేదు. 2023లో వచ్చిన పై 5లో ఉంది గానీ దానికి బ్యాటరీ విడిగా కొని పెట్టాల. గడియారం లేని బోర్డు కరెంటు వచ్చినాక నెట్ నుంచి టైమ్ తెచ్చుకునేదాకా పాత టైమ్‌లోనే ఉంటాది. అంటే ఉదయం 5 గంటలకు తెరవాల్సిన వాల్వు, ఇంకా రాత్రి 11 అనుకొని తెరవదు. గడియారం బాగా వెనక ఉంటే హెచ్‌టీటీపీఎస్ కూడా పడిపోవచ్చు, సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు అనుకుంటాది. నెట్ ఉండే చోట సిస్టమ్‌డీ-టైమ్-వెయిట్-సింక్ అనే సర్వీస్‌ను ఎనేబుల్ చేసి, మీ యూనిట్‌లో ఆఫ్టర్ దగ్గర టైమ్-సింక్ డాట్ టార్గెట్ పెట్టండి. నెట్ సరిగ్గా లేని పొలంలో అయితే అది ఎంతసేపైనా ఎదురుచూస్తా కూర్చుంటాది, అక్కడ డీఎస్3231 లాంటి గడియారం మాడ్యూల్ ఒకటి బోర్డుకు తగిలించండి. దానికి పెట్టే డబ్బు దండగ కాదు.

(ఒక విద్యార్థి: సార్, ఇదంతా ఎందుకు, క్రాన్‌ట్యాబ్‌లో, అంటే క్రాన్ చదివే పట్టికలో, బూట్‌లో ఒకసారి నడపమనే ఎట్ రీబూట్ లైన్ పెడితే సరిపోదా?)

మంచి ప్రశ్నప్పా. చిన్న పనికి సరిపోతాది, నేను కాదనను. కానీ ఎట్ రీబూట్ నెట్‌వర్క్ వచ్చిందా, డిస్క్ మౌంట్ అయిందా అని చూడదు, క్రాన్ లేచినప్పుడు నడిపేస్తాది. పడిపోతే మళ్ల లేపదు. ఎర్రర్‌ను మెయిల్ చేయాలని చూస్తాది, మన సిస్టమ్‌లలో మెయిల్ ఎవరు పెట్టుకుంటారు, అది పోయినట్టే. ఇంకోటి, క్రాన్‌ట్యాబ్ లైన్‌లో పర్సెంట్ గుర్తు వాడితే అక్కడ లైన్ తెగిపోతాది, డేట్‌ను ఫైల్ పేరులో పెట్టేవాళ్లకు ఇది తగులుతాది, ముందర బ్యాక్‌స్లాష్ పెట్టాల. ఎట్ రీబూట్ వాడితే కనీసం అవుట్‌పుట్‌ను ఫైల్‌కు మళ్లించు.

(ఇంకొకరు: సార్, మాది సర్వీస్ మొదలైతాది, లోపల ఒక ప్రోగ్రామ్‌ను యాండ్ గుర్తు పెట్టి బ్యాక్‌గ్రౌండ్‌లో వదుల్తాము, అది వెంటనే చచ్చిపోతాది.)

అది సిస్టమ్‌డీ చంపుతుందమ్మా. స్క్రిప్ట్ అయిపోయిందంటే సర్వీస్ అయిపోయిందని అనుకుని, దాని గ్రూపులో మిగిలినవాటన్నిటినీ ఆపేస్తాది. ఆ యాండ్ గుర్తు తీసేయండి, ముందర ఎగ్జెక్ అని పెట్టి ఆ ప్రోగ్రామ్‌నే చివరి లైన్‌గా నడపండి, బ్యాక్‌గ్రౌండ్ పని సిస్టమ్‌డీ చూసుకుంటాది. స్క్రీన్ మీద విండో తెరిచే ప్రోగ్రామ్ అయితే మాత్రం ఇక్కడ పెట్టొద్దు, బూట్‌లో స్క్రీన్ ఎవరిదీ కాదు, లాగిన్ అయినాక నడిచే ఆటోస్టార్ట్ ఫోల్డర్‌లో పెట్టండి. సుడో కూడా సర్వీస్ లోపల వద్దు, పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

డిస్క్ గురించి ఒక్క మాట. స్క్రిప్ట్ గానీ డేటా గానీ పెన్‌డ్రైవ్‌లో ఉంటే రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ దగ్గర ఆ ఫోల్డర్ పాత్ రాయండి, అది మౌంట్ అయినాకే సర్వీస్ లేస్తాది. /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ లైన్‌కు నోఫెయిల్ పెట్టండి. లేదంటే ఆ డిస్క్ ఊడిపోయిన రోజు సిస్టమ్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతాది, స్క్రీన్ లేని షెడ్‌లో అప్పుడు ఏమీ చేయలేము.

చివరగా పరీక్ష చేసేది. సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ కొట్టి నడిచింది కాబట్టి అయిపోయింది అనుకోవద్దు, అప్పటికి నెట్ ఉంది, టైమ్ సరిగ్గా ఉంది. నిజంగా ఆపండి, ఆపి ప్లగ్ పీకండి, కొంచెంసేపు ఆగి పెట్టండి, లాగిన్ అవ్వకుండా దూరంగా ఉండి చూడండి. ఒకసారి రూటర్ ఆపేసి చేయండి. ఒకసారి రూటర్‌నూ బోర్డునూ ఒకే స్విచ్ మీద కలిపి ఆన్ చేయండి, కరెంటు వచ్చినప్పుడు మన ఊర్లలో జరిగేది అదే కదా. /వార్/లాగ్/జర్నల్ అనే ఫోల్డర్ ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే చాలా సిస్టమ్‌లలో రీబూట్‌తో పాటు పాత లాగ్ కూడా పోతాది. జర్నల్ సెట్టింగ్‌లో స్టోరేజ్ దగ్గర పర్సిస్టెంట్ అని పెట్టి ఉంచుకుంటే, జర్నల్‌సీటీఎల్ మైనస్ బి మైనస్ 1 కొట్టి పోయిన బూట్‌లో ఏం జరిగిందో చదువుకోవచ్చు.

పక్కన ల్యాబ్‌లో సిస్టమ్‌లు పెట్టినాము, ఒక్కోదాంట్లో ఒక్కో తప్పు ఉన్న సర్వీస్ పెట్టినాము. ఇద్దరిద్దరుగా కూర్చోండి. మొదలే కాలేదా, మొదలై పడిపోయిందా, ముందు అది కాగితం మీద రాసినాకే కీబోర్డు ముట్టుకోండి.